పైకి పోయే గాలి

గుణదలలో శాలిని ఇంట్లో ఆ సాయంత్రం ఆదరణ కూడిక. భర్త ఫిన్నీ పోయి నలభై రోజులైంది. తీరా చూస్తే ముందుగదిలో ఫ్యాను గుయ్యిమంటోందే గానీ తిరగడం లేదు.

"మెకానిక్‌ని పిలుస్తానుండక్కా," అంది పక్కింటి రూతు.

"వద్దమ్మా. కండెన్సరు పోయినట్టుంది. మీ బావగారు నేర్పిన పనే, నా చేత్తోనే చేస్తాను."

థర్మల్ స్టేషన్లో ఎలక్ట్రీషియన్‌గా చేసిన ఫిన్నీ, ఇంట్లో ఏ రిపేరు వచ్చినా భార్యనే స్టూలెక్కించి, తాను స్విచ్చి దగ్గర నిలబడేవాడు. ఆమె "ఆఫేనా అండీ?" అని అడగాలి, ఆయన "ఆఫే" అనాలి. అప్పుడుగానీ తీగ ముట్టనిచ్చేవాడు కాదు.

శాలిని మెయిన్ కట్టేసి, టెస్టరు పెట్టి చూసుకుని స్టూలెక్కింది. అలవాటు కొద్దీ "ఆఫేనా అండీ?" అంది. రూతు కళ్లొత్తుకుంది.

ఆ ఒక్క మాట చెప్పడానికైనా ఆయన్ని ఉంచకపోయావా ప్రభువా, అనుకుంది శాలిని.

కొత్త కండెన్సరు బిగించి దిగి మెయిన్ వేసింది. ఫ్యాను తిరిగింది, గాలి మాత్రం కిందికి రాలేదు. రెండు తీగలు తారుమారై రెక్కలు వెనక్కి తిరుగుతున్నాయి. పని నేర్చుకున్న మొదటిరోజు కూడా ఆమె ఇదే తప్పు చేసింది. "గాలంతా పరలోకానికి పంపుతున్నావేంటే!" అని ఫిన్నీ పడీపడీ నవ్వాడు.

రూతు స్విచ్చి ఆపబోయింది.

"ఉండమ్మా, జనం వచ్చేలోపు మారుస్తాలే," అంది శాలిని, పైకే చూస్తూ. "కాసేపు పోనీ."