వేర్ల మాట ఎత్తిన రోజు

ఆ సోమవారం ఇంట్లో ఉన్నది అమ్మ, నాయనమ్మ, నేను, లైబ్రరీ నుంచి వచ్చిన కార్లీన్ గారు. పొయ్యి పక్కన ముసలి కుక్క కూడా ఉంది గానీ, దానికి చెవుడు కాబట్టి లెక్కలోకి రాదు. నాన్న దుంగలు కోసే సామిల్లుకి వెళ్ళాడు. చీకటి పడకముందే వచ్చేస్తానని పొద్దున అమ్మతో చెప్పాడు.

మార్చి నెల ఆఖరి రోజు. గవర్నమెంటు తెచ్చిన కొత్త ఆరోగ్య ఇన్సూరెన్సులో పేరు రాయించుకోవడానికి కూడా అదే ఆఖరి రోజు. ఆ రోజు దాటిపోతే మళ్ళీ పేర్లు రాసుకునేది చలికాలంలోనే. అమ్మ అన్నాళ్ళు ఆగడానికి లేదు. ఫిబ్రవరిలో చర్చి ముందు ఆగిన పరీక్షల బండిలో అమ్మ ఎడమ రొమ్ములో గడ్డ ఉందని తేల్చారు. చిన్న ముక్క తీసి చూడాలి, ఆలస్యం చెయ్యకూడదు అన్నారు. అమ్మ పట్నంలో ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పేరు కన్నా ముందు ఇన్సూరెన్సు ఉందా అని అడిగారు. లేదంటే ముందుగా ఎంత కట్టాలో చెప్పారు. అమ్మ ఫోన్ పెట్టేసి, తను పనిచేసే చోట ఆ రోజు వంతు వచ్చిన టూరిస్టుల అద్దె కాబిన్లన్నీ తుడిచి, దుప్పట్లు మార్చి ఇంటికొచ్చింది. ఆ రాత్రి బీన్స్ వండింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది. తను మాత్రం తినలేదు.

ఇంటింటికీ వెళ్ళి ఆ పేర్లు రాయించే కార్లీన్ గారు కంప్యూటరు తెచ్చి వంటింటి బల్ల మీద, కిటికీకి ఆనించి పెట్టుకుంది. మా లోయలో సిగ్నలు అక్కడ మాత్రమే నిలుస్తుంది.

నాయనమ్మ ఆమె ముఖంలోకి వంగి చూసింది. "నువ్వు హోబర్ట్ కూతురివి కదూ?"

"అవునండీ, పెద్దమ్మా."

"అనుకున్నాను. ఆ ముక్కు ఎక్కడికి పోతుంది? మీ నాన్న ఇంకా మా ఆయన వెనకాల నక్కి నక్కి తిరుగుతున్నాడా?"

"తాతగారు పోయి పదేళ్ళయింది కదండీ."

"అయితే సమాధి దగ్గర తిరుగుతుంటాడులే."

అమ్మ "అత్తయ్యా!" అంది. కార్లీన్ గారు మాత్రం నవ్వేసింది. "మా నాన్నకిప్పుడు మోకాళ్ళు పనిచెయ్యవు. మీరేం భయపడకండి."

"భయమా? నాకా? ఈ గవర్నమెంటు ఇన్సూరెన్సు అంటేనే నాకు భయం. ఒకసారి ఇంట్లోకి రానిచ్చామా, ఇక పోదు."

"మరి మీ గుండె మాత్రలు ఎవరిస్తున్నారు పెద్దమ్మా? ఆ ఎరుపూ నీలం కార్డు గవర్నమెంటుది కాదూ?"

"అది నాది. నేను కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను."

నాకు నవ్వొచ్చింది గానీ బయటికి నవ్వలేదు. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. కార్లీన్ గారు నా చదువు గురించి అడిగితే నాయనమ్మే జవాబు చెప్పింది. "దాన్నేం అడుగుతావమ్మా, ఏదైనా ఉంటే డైరీలో రాసుకుంటుంది. నోరు మాత్రం విప్పదు."

పేర్లు, పుట్టినరోజులు, నెంబర్లు అయ్యాయి. చివరి రోజని దేశమంతా ఒకేసారి ఎగబడినట్టుంది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి అంతా పోయి మళ్ళీ మొదటికి వచ్చింది. అమ్మ కాఫీ కలిపి ఇచ్చి, నిలబడే ఉంది. తనకు తెలియకుండానే కుడిచెయ్యి ఎడమ చంక కిందికి పోతోంది. నేను చూడటం చూసి చెయ్యి దించేసింది.

"ఇప్పుడు రాబడి" అంది కార్లీన్ గారు. "ఈ ఏడాది మొత్తానికి మీకెంత వస్తుందనుకుంటున్నారు?"

అమ్మ చెప్పింది. నాన్న మిల్లు జీతం, తన కాబిన్ల డబ్బు. పొద్దున నాన్న నూరిపోసిన మాటలే. "ఆ రెండూ చెప్పు రొవేనా, అంతకు మించి ఒక్క ముక్క వద్దు. గవర్నమెంటు వాళ్ళకి తక్కువ చెబితే ఎక్కువ ఇస్తారు. ఎప్పుడైనా అంతే" అన్నాడు.

అంతకు మించినది జిన్‌సెంగ్ వేరు, మందుల కోసం మంచి ధర పలికే అడవి మొక్కది. సెప్టెంబరు నుంచి నాన్న మిల్లు లేని రోజుల్లో మా కొండ వెనకవాలుకి పోయి తవ్వుతాడు. వేర్లను అటక మీద జల్లెడ తెరల మీద ఆరబెట్టి, కొనేవాడికి నగదుకు అమ్ముతాడు. ఆ డబ్బుతోనే భూమి పన్ను కడతాం, చలికాలం గడుపుతాం. అది ఎంతో, ఎక్కడిదో ఎవరూ ఎవరికీ చెప్పరు. చర్చిలో పక్కన కూర్చునే వాళ్ళకి చెప్పరు, అన్నదమ్ములకి కూడా చెప్పరు. ఫలానా వాళ్ళు ఇంత తవ్వారట అని తెలిస్తే చాలు, మరుసటి ఆగస్టులోనే ఎవరో ఒకరు వచ్చి పిల్లమొక్కలతో సహా పీక్కుపోతారు. హోబర్ట్ ఒకప్పుడు తాత వెనకాల నక్కి తిరిగింది కూడా అందుకే. నాన్న అమ్మని కూడా ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. నన్ను తీసుకెళ్ళేవాడు. తవ్విన చోట ఆ మొక్క ఎర్రపండ్లను వేలితో మట్టిలోకి నొక్కి, పైన ఆకులు కప్పడం నా పని. "ఒపల్ నోట్లోంచి మాట రాదు, అందుకే దీన్ని తీసుకెళ్తాను" అని నాయనమ్మతో అంటుంటే ఒకసారి విన్నాను. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

కార్లీన్ గారు తెర వంక చాలాసేపు చూసింది. ఒకసారి వెనక్కి వెళ్ళి అంకెలు సరిచూసుకుంది. తర్వాత కాఫీ కప్పు పక్కకి జరిపింది.

"రొవేనా, కూర్చో."

"ఫరవాలేదు, చెప్పు."

"పిల్లకి రాష్ట్రం వైద్యం కార్డు ఉంది, దానికేం ఢోకా లేదు. నీకూ మీ ఆయన డారెల్‌కీ మాత్రం సాయం రావడం లేదు."

"మా రాబడి ఎక్కువైందా?"

"తక్కువైంది."

నాయనమ్మ కుర్చీ ఊపడం ఆపింది. "ఏమన్నావ్?"

"తక్కువైంది పెద్దమ్మా. బొత్తిగా ఏమీ లేనివాళ్ళయితే రాష్ట్రం ఆ కార్డు ఇస్తుంది. ఒక గీత దాటి సంపాదిస్తే నెలనెలా కట్టేదాంట్లో చాలా భాగం గవర్నమెంటే కడుతుంది. ఆ రెండింటి మధ్యలో ఉన్నవాళ్ళని కూడా రాష్ట్రమే చూసుకోవాలన్నారు. మన రాష్ట్రం చూసుకోనంది. మీరు ఆ మధ్యలో పడ్డారు."

"అంటే డబ్బు లేదని సాయం చెయ్యరా? ఇదెక్కడి విడ్డూరమే!"

"నేను పెట్టిన రూలు కాదండీ. ఈ వారంలో ఇది మూడో ఇల్లు."

అమ్మ అప్పుడు కూర్చుంది. "సాయం లేకుండా అయితే?"

కార్లీన్ గారు తెర అమ్మ వైపు తిప్పింది. అమ్మ చూసి, తల అడ్డంగా ఊపింది.

"గీతకి ఎంత దూరంలో ఉన్నాం?"

"ఎక్కువ దూరం లేదు. కానీ రొవేనా, ఎంత చెబితే దాటుతుందో నేను చెప్పకూడదు. నిజంగా ఎంత వస్తుందో అదే చెప్పాలి. ఇంకేమైనా రాబడి ఉందా? కుట్టుపని, కట్టెలు అమ్మడం, ఏదైనా సరే."

అమ్మ ఒక్కసారి పైకి, అటక వైపు చూసింది. వెంటనే కళ్ళు దించేసుకుంది. నాయనమ్మ కూడా అది చూసింది. హోబర్ట్ కూతురు ఎదురుగా కూర్చుని ఉంది.

"ఏమీ లేదు" అంది అమ్మ.

"సరిగ్గా ఆలోచించు. ఇలా ఊరికే వదిలేస్తే ఈ సైటు మనల్ని బయటికి తోసేస్తుంది. ఈ జనంలో మళ్ళీ లోపలికి రానిస్తుందో లేదో కూడా తెలీదు."

"లేదన్నాను కదా."

అమ్మ చెయ్యి మళ్ళీ ఆ చంక కిందికి పోయింది. ఈసారి దించలేదు.

"వేర్లు ఉన్నాయి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాయనమ్మ ఒంటి మీద వేడి నూనె పడినట్టు నా వైపు తిరిగింది. "ఏమే! బుద్ధుందా నీకు?"

"నాన్న వేర్లు అమ్ముతాడు. ప్రతి ఏడూ."

"నోరు ముయ్యి. పదిహేనేళ్ళకి ఒక మాట మాట్లాడుతుంది, అది కూడా వీళ్ళ ముందా!"

కార్లీన్ గారు కీబోర్డు మీదనుంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా వంక చూడలేదు, అమ్మ వంకే చూసింది. "అమ్మాయి చెబితే నేను రాయలేను. సంపాదించినవాళ్ళే చెప్పాలి. డారెల్ ఎప్పుడొస్తాడు?"

అమ్మ జవాబు చెప్పేలోపే కింద వాగు దగ్గర ట్రక్కు గేరు మార్చిన చప్పుడు వినిపించింది. ఎత్తు మొదలయ్యే చోట నాన్న ఎప్పుడూ గేరు మారుస్తాడు. నాయనమ్మ తనలో తాను, "వస్తున్నాడు, ఇక చూడండి" అని గొణిగింది.

నాన్న లోపలికి వచ్చి టోపీ తీశాడు. జుట్టులో రంపపు పొట్టు అలాగే ఉంది. "అయిపోయిందా?"

"కాలేదు" అంది అమ్మ. జరిగింది చెప్పింది, గీత సంగతి చెప్పింది. వేర్ల మాట ఎత్తలేదు.

"తక్కువైందా?" నాన్న నమ్మలేదు. "ఇన్నేళ్ళుగా సాయం అడిగితే, ఎక్కువ ఉందనే కదా ప్రతివాడూ నన్ను తరిమేసింది. ఇప్పుడు తక్కువైందా?"

"వేరే రాబడి ఏదైనా ఉంటే చెప్పొచ్చు, డారెల్" అంది కార్లీన్ గారు.

"వేరే ఏముంటుంది?"

"వేర్లు" అంది కార్లీన్ గారు.

నాన్న చేతిలో టోపీ తిరగడం ఆగిపోయింది. "ఏ వేర్లు?"

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా?"

అమ్మ తల ఊపేలోపే, "నేను చెప్పాను" అన్నాను.

నాన్న నన్ను తిట్టలేదు. తిడతాడేమో అనుకుని గోడకి ఆనుకున్నాను. నా వంక చూసిన చూపు మాత్రం, వాలు మీద మొక్క ఉండాల్సిన చోట గొయ్యి కనిపించినప్పటి చూపు. తర్వాత కార్లీన్ గారి వైపు తిరిగాడు.

"నేను ఒక అంకె చెప్పాననుకో. రేపు పన్నువాళ్ళు రారా?"

"వచ్చే ఏడు నువ్వే ఆ అంకె చూపించి పన్ను కట్టాలి. కడతానని సంతకం పెడతావు. పెట్టి కట్టకపోతే అప్పుడు వస్తారు."

"మరి వెనకటి ఏళ్ళ సంగతి?"

"నేను అడిగేది ఈ ఏడాది గురించే. మిగతాది నాకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పను."

"ఎక్కడ తవ్వానో కూడా రాసుకుంటారా?"

"ఎవరూ అడగరు. ఎంతో చెబితే చాలు."

నాన్న నవ్వాడు. అది నవ్వు కాదు. "ఎంతో చెబితే ఎక్కడో చెప్పినట్టే. అంత వేరు దొరికే వాలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీ నాన్నకి నా కన్నా బాగా తెలుసు. రాత్రి భోజనాల దగ్గర నీ నోటి నుంచి ఆ అంకె జారితే చాలు."

"లైబ్రరీలో ఈ పనికి చేరినప్పుడు ప్రమాణం చేయించారు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పను. మా నాన్నకి మా అక్క రాబడి ఎంతో కూడా చెప్పలేదు. అడిగి అడిగి అలిగాడు."

"మీ వంశంలో ప్రమాణాలు కూడానా!" అంది నాయనమ్మ.

"అమ్మా, నువ్వు ఊరుకో."

తెర మీద ఏదో చిన్న పెట్టె వచ్చింది. కార్లీన్ గారు వంగి దాన్ని నొక్కింది. "ఇంకా ఉన్నారా అని అడుగుతోంది. ఉన్నామని చెప్పాను. డారెల్, ఇంకో ఇంటివాళ్ళు నా కోసం చూస్తున్నారు. వద్దనుకుంటే చెప్పెయ్యి, వెళ్ళిపోతాను. తప్పు పట్టను."

నాన్న కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడినుంచి వెనకవాలు కనిపించదు, ముందున్న రోడ్డే కనిపిస్తుంది. "ట్రక్కు అమ్మేస్తాను" అన్నాడు.

"అమ్మితే మిల్లుకి ఎలా వెళ్తావు?" అంది అమ్మ.

"మీ తమ్ముడిని అడుగుతాను. చర్చిలో విందు పెడదాం, జనం తలా ఇంత వేస్తారు. బక్‌నర్ వాళ్ళ అబ్బాయికి వెయ్యలేదూ?"

"వేశారు. డబ్బు పోగయ్యేసరికి ఆ అబ్బాయి లేడు."

ఆ మాట అమ్మ చాలా మామూలుగా అంది. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. నాన్న అమ్మ వైపు తిరిగాడు, కానీ ముఖంలోకి చూడలేకపోయాడు. అమ్మ చేతి వంక చూశాడు. ఆ చెయ్యి ఎక్కడుందో అప్పుడే గమనించాడనుకుంటాను.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. లేకపోవడమే మంచిది కాదట."

"ఎప్పుడు చెప్పారు?"

"బండిలో. నీకు చెప్పలేదు."

నాన్న టోపీ బల్ల మీద పెట్టాడు. అమ్మ పక్కన కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు. కార్లీన్ గారి ముందు వేలితో బల్ల మీద ఒక్కసారి కొట్టాడు. "నీ ఒక్కదానికే చెబుతాను. రొవేనా ఉంటుంది. ఇంకెవరూ వినకూడదు."

"అలాగే."

"అమ్మా, అవతలికి వెళ్ళు."

"నేనా? నా ఇంట్లో నన్నా? మీ నాన్న అంకె నేను యాభై ఏళ్ళు దాచాను, నీది దాచలేనా?"

"వెళ్ళమ్మా."

నాయనమ్మ కర్ర పట్టుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ కార్లీన్ గారి దగ్గర ఆగింది. "నీ ముక్కు చూస్తే నమ్మకం కుదరడం లేదు గానీ, జాగ్రత్తగా రాయి. తప్పు రాయకు" అని ముందు గదిలోకి వెళ్ళింది.

నేను కదల్లేదు. కొనేవాడి షెడ్డులో తూకం వేసేటప్పుడు నాన్న పక్కన నేను ఉంటాను. ఇక్కడ కూడా ఉండనిస్తాడనే అనుకున్నాను.

"ఒపల్."

"నాన్నా, నేను—"

"పద."

గడప దాకా నా వెనకే వచ్చాడు. తిరిగి చూశాను. అమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఉంది. కార్లీన్ గారు వేళ్ళు కీబోర్డు మీద ఆనించి, తల వంచి, వేచి ఉంది. నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ అంకె నేను కూడా వినకుండా తలుపు మూసేశాడు.