రాణి కూర్చున్న మూడు వారాలు

సూప్ గిన్నె బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంటే చాలు, మా అత్తగారు మర్యేతాకి ఏదో ఒకటి గుర్తొస్తుంది. "ఉప్పేదమ్మాయ్?" నేను లేస్తాను. పెళ్ళయ్యాక ఆ బల్ల దగ్గర వేడి సూప్ తాగిన జ్ఞాపకం లేదు నాకు. "ఆడది కూర్చుంటే ఇల్లు కూలబడుతుంది" అనేది ఆవిడ మాట. ఆవిడా పొయ్యి పక్కన నిలబడే తింటుంది.

మామగారు వదిలి వెళ్ళిన తేనెటీగలు నా మొగుడు టీనెవి. చట్రాలు గీకడం, మైనం కరిగించడం, సీసాలు కడగడం నావి. ఒక తేనెటీగల పెట్టె ముందు పలక మీద పాత బొమ్మ ఉంది: దయ్యం ఆడదాని నాలుకను సానబెడుతుంటుంది. తేనెటీగల సంఘం వాళ్ళొచ్చినప్పుడల్లా టీనె దాన్ని చూపించి, నా పేరు పెట్టి "ఇదిగో, మా యెరిట్సా!" అంటాడు. వాళ్ళు నవ్వుతారు, నేను కాఫీ పోస్తాను.

కాఫీ పోస్తూనే విన్నాను, ఊరికొచ్చిన ఒకావిడ ఈగల్ని పీల్చి చంపే ఎర్ర నల్లి గురించి సంఘం వాళ్ళకు చెప్తుంటే. పట్టులో మూత వేసిన గదుల్లో, ఈగ పిల్లల వొంటి మీదే ఆ నల్లి పెరుగుతుందట. మగపిల్లల గదులంటే దానికి మరీ ఇష్టమట. వసంతంలో ఆ గదులు కోసి కోళ్ళకు వేస్తుంటే అత్తగారు చూసి "నల్లిక్కూడా కొడుకే కావాలీ!" అని పకపకా నవ్వింది. ఆవిడ నాతో కలిసి నవ్వడం అదే మొదలు.

కానీ అదొక్కటే చాలదు. క్రితం చలికాలం సగం పెట్టెలు ఖాళీ అయ్యాయి. మా వైపు ఆవు చస్తుంది, తేనెటీగ మాత్రం మనిషిలా చనిపోతుంది. ఆ మాటే వాడతాం. రెక్కలు ముడుచుకుపోయిన ఆ పిల్లల్ని చీపురుతో ఎత్తింది నేనే.

ఎండాకాలంలో లిండెన్ చెట్ల పూలు అయిపోగానే చెప్పాను. "రాణుల్ని మూడు వారాలు చిన్న పంజరాల్లో పెడదాం టీనె. గుడ్లు ఆగితే నల్లికి దాక్కునే చోటుండదు. అప్పుడు మందు ఒక్కసారి చాలు. చుక్కకూరలో ఉండే పులుపే అది."

"గుడ్లు పెట్టని రాణి ఎందుకే, దండగ!" అన్నాడు. "సరే, నీ ఇష్టం. ఒక్క పెట్టె పోయినా మళ్ళీ అటు అడుగుపెట్టకు."

ఒక్కో రాణినీ పట్టి పంజరంలో పెట్టాను. రాణి పని మానేస్తే ఈగలు తనని వదిలేస్తాయని ఎంత భయపడ్డానో! మర్నాడు తెరిచి చూశాను. ఈగలు పంజరం చుట్టూ గుంపుగా చేరి, సందుల్లోంచి రాణి నోటికి తిండి అందిస్తున్నాయి. ఒళ్ళు తుడుస్తున్నాయి. గుడ్లేవని అడిగే ఈగ ఒక్కటీ లేదు. పనికే విలువనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను నేను. అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను.

మూడు వారాలకు గదుల్లోంచి పిల్లలన్నీ బయటికొచ్చాక మందు చుక్కలు వేసి, పెట్టెల కింద పంది కొవ్వు రాసిన తెల్ల అట్టలు పెట్టాను. తెల్లారి చూస్తే ఎర్ర ఆవాలు ఒలికినట్టు నల్లులు! రాణుల్ని వదిలాను. అవి తాపీగా నడుచుకుంటూ తమ వాళ్ళలోకి వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరిలో ఎండ కాసింది. మంచులో పెట్టెల ముందు నిలబడ్డాను. ఒక పెట్టెలోంచి ఈగలు వచ్చాయి, పక్కదాంట్లోంచి వచ్చాయి, ఆఖరికి దయ్యం బొమ్మ పెట్టెలోంచి కూడా. ఒక్క పెట్టే పోలేదు. నిండైన రెక్కలు. గాలి మొత్తం మోగిపోతోంది. దేవుడా, ఇంత చిన్న ప్రాణాలు ఇంత చలిని ఎలా దాటాయి!

ఆ ఆదివారం టీనె ఫోన్‌లో సంఘం అధ్యక్షుడితో "నేనే రాణుల్ని ఆపానండీ" అంటున్నాడు. నేను సూప్ తెచ్చి పెట్టి, కూర్చున్నాను.

"ఉప్పేదమ్మాయ్?"

లేవలేదు. వేడి సూప్ ఒక చెంచా తాగాను. "రేపు మా అక్క దగ్గరికి వెళ్తున్నా, సముద్రం ఒడ్డుకి. మూడు వారాలు ఏ పనీ చెయ్యను."

టీనె ఫోన్ దించేశాడు. "మరి ఇల్లో? వంటో? అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి!"

అత్తగారు పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత నడుముకున్న ఏప్రన్ ముడి విప్పి, దాన్ని మడిచి కొడుకు పళ్ళెం పక్కన పెట్టింది. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ అక్కింట్లో ఇంకో మంచం ఉందిటే?"