గంజి పెట్టిన పడుగు

మొదటి తప్పు తమదేనని బాలలక్ష్మికి తెలుసు. అందుకే ఆమెకు అంత మంట.

వేములవాడ దారిలో ఉన్న ఆ ఊళ్లో సాలెవాడ అంటే ఒకటే పొడుగాటి వీధి. తెల్లవారగానే దాని నిండా పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, సాగేవి. ఇరవై గజాల నూలును ఈ గుంజ నుంచి ఆ గుంజకు నడుమెత్తున బిగించి, గంజి పట్టించి, అది ఆరేదాకా ఆగకుండా కుంచెతో దువ్వాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, పోగుకు పోగు అంటుకుని పడుగంతా అట్టకడుతుంది. ఇక దాన్ని మగ్గానికి ఎక్కించడం బ్రహ్మతరం కూడా కాదు. ఎడ్లబండ్లవాళ్లకు సైతం ఈ సంగతి తెలుసు. పొద్దెక్కేదాకా వీధి మొగదలనే బండి నిలిపి బీడీ కాల్చుకునేవారు.

పంతొమ్మిదివందల అరవై ఒకటిలో బుచ్చిరాములు కారు కొన్నాడు. నూలిచ్చి బట్ట నేయించుకునే ఆసామి అతను. ఆ వీధిలో మగ్గాలన్నీ అతని నూలు మీదే ఆడేవి. వేములవాడ రాజన్న గుడి ముందు పూజ చేయించి నల్లటి కారును వీధిలోకి తెచ్చిన పొద్దున, ఎవరూ అడగకముందే జనమే ఉరికి తడి పడుగులు ఎత్తేశారు. "మనోడు కారు కొన్నడు!" అని ఒకటే సంబరం. బాలలక్ష్మి హారతి పళ్లెం పట్టింది. ఆమె మొగుడు ముత్యం, దారికి అడ్డమని తమ గుంజను తన చేత్తోనే పీకి గోడకు ఆనించాడు. ఆనాడు ఏడు పడుగులు పాడైతే నవ్వుకుని ఊరుకున్నారు. నవ్వుకున్నారు పాపం!

ఒక్కనాటి మర్యాదను ఆ కారు హక్కు చేసుకుంది. రోజూ పొద్దున్నే హారన్ మోగేది, పడుగులు లేచేవి. నిన్నటిదాకా బుచ్చిరాములన్న అన్నవాళ్లు సేట్ అనసాగారు. అంత పొద్దున్నే ఆయన వెళ్లేదెక్కడికని? వారానికోసారి కరీంనగర్‌కు. తక్కిన రోజుల్లో బజారులో చాయ్ తాగడానికి. నడిస్తే చేతిలో బీడీ అయిపోయేంత దూరం లేదు! ఆయన్ను చూసి మరో ఇద్దరు ఆసాములు కూడా కార్ల కోసం పేర్లు రాయించుకున్నారట.

ఆ బుధవారం ముత్యానికి జ్వరం. బాలలక్ష్మి తన పడుగును పక్కింటి ముసలి కొమురవ్వ గుంజలకు కట్టి, ఆమెతో కలిసి అప్పుడే గంజి పట్టించి దువ్వుతోంది. వెనక హారన్ మోగింది.

"జర ఆగుండ్రి సేట్, గంజి ఆరలే."

"నాకు పనున్నది. తియ్యి జల్ది."

ఇద్దరాడవాళ్లు ఇరవై గజాలు ఎంతసేపట్లో తీస్తారు? సగం ఎత్తారో లేదో కారు ముందుకు కదిలింది. ముందున్న ఇనుప పట్టీకి నూలు చిక్కుకుని, పడుగు నడిమికి తెగి మట్టిలో పడింది. కారు ఆగలేదు.

మధ్యాహ్నం బుచ్చిరాములు వచ్చి అట్టకట్టిన నూలును చెప్పుతో కదిపి చూశాడు.

"నా నూలంత ఖరాబు చేసినవు. ఇగ మీ ఇంటికి నూలు లేదు."

తొక్కినవాడు ఆయన, తప్పు ఆమెది! లోపల మంచం మీద ముత్యం అటు తిరిగి పడుకుని, "బొంబయి దిక్కు భీవండి పోత తియ్యి. ఆడ మిల్లుల్ల పని దొరుకుతదట," అన్నాడు. ఆగిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని ఆమె ఆ మాట విన్నది. మగ్గం ఆగితే మొగుడు దూరమవుతాడు. ఒకడు నడిచి బజారుకు పోలేడు గనుక!

దీపాలు పెట్టే వేళకు ఇల్లిల్లూ తిరిగింది. "రేపు ఎవ్వలూ పడుగు ఎత్తొద్దు," అని ఒకటే మాట. కొందరు తల గోక్కున్నారు. కొమురవ్వ మాత్రం, "నా పడుగుకు అటు కొస నువ్వు పట్టు," అంది.

తెల్లారేసరికి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి పదకొండు పడుగులు, అన్నీ తడివే. హారన్ మోగింది. మళ్లీ మోగింది. బాలలక్ష్మి కుంచె ఆపలేదు.

"తొక్కుమను, బుచ్చిరాములన్నా! పదకొండు పడుగులు. అన్ని నీ నూలే."

డ్రైవరు వెనక్కి తిరిగి యజమాని ముఖం చూశాడు. బుచ్చిరాములు తలుపు విసురుగా తెరిచి దిగాడు. "అందరికి నూలు బంద్ చేస్త!" అని అరిచాడు.

"చెయ్యి బిడ్డా," అంది కొమురవ్వ, దువ్వుతూనే. "రేపటిసంది బట్ట నీ కారు నేస్తదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత వీధి వీధంతా నవ్వింది. కారు వచ్చిన దారినే వెనక్కి వెనక్కి పోయింది. బుచ్చిరాములు ధోవతి ఎత్తిపట్టుకుని, గంజి అంటకుండా గోడకు ఆనుకుంటూ బజారుకు నడిచాడు. వాళ్ల నాయన బతికినన్నాళ్లూ అట్లాగే నడిచాడు.

సాయంత్రం డ్రైవరు నూలు కట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి బాలలక్ష్మి గడప ముందు దించాడు. ఆమె దండం పెట్టలేదు. ముత్యం జ్వరంతోనే లేచి, గడ్డపార తీసుకుని, ఆనాడు తాను పీకిన గుంజను మళ్లీ అక్కడే పాతాడు.