హాల్లో జలపాతం

జనం లేచి వెళ్ళగానే దుప్పట్లు దులిపి మడతపెట్టడం ఆమె పని. దిండు గలీబులు ఉతకడం, పరుపుల సందుల్లో దొరికిన చెవిపోగులు భద్రంగా తీసిపెట్టడం కూడా ఆమె పనే. భర్త శబ్దధ్యానం నేర్పుతాడు. చీకటి హాలు, గోడలకీ పైకప్పుకీ స్పీకర్లు. కళ్ళు మూసుకుని పడుకున్నవాళ్ళ చుట్టూ శబ్దాలు తిరుగుతాయి. కొందరు గాల్లో తేలామంటారు, కొందరు పోయిన అమ్మను చూశామంటారు. తనూ ఒకసారి పడుకుంటానంటే, "నువ్వా? పడుకోగానే గురక పెడతావు, వాళ్ళకి అదే వినపడుద్ది," అని అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వేసి గలీబులు నానబెట్టుకుంది.

ఈమధ్య ఆయన వాలకం ఆమెకు అంతుపట్టడం లేదు. కుళాయి కాస్త ఎక్కువసేపు వదిలితే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇప్పుడు తనే, "తొందరేం లేదు, నిదానంగా స్నానం చేసి రా" అంటున్నాడు. ఆమెకంటే ముందు బాత్రూంలోకి వెళ్తాడు. ఆమె ఇలా బయటికి రాగానే మళ్ళీ అలా దూరతాడు. అత్తగారి చెవిన వేస్తే, "మొగుడు అరిస్తే ఏడుపు, అరవకపోతే అనుమానం! నీతో వేగలేం తల్లీ!" అని కొట్టిపారేసింది.

ఒకరోజు ధ్యానం అయ్యాక ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ దుప్పటి చేతికిచ్చింది. "ఆ జలపాతం వెనకాల ఒక ఆడగొంతు వస్తుంది చూడండీ, ప్రాణం లాగేస్తుంది. ఎవరండీ ఆవిడ?"

ఎవరావిడ? అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"ఎవరో సాధకురాలు. కొండల్లో రికార్డు చేశా. నీకు తెలీదులే."

కొండలకి ఎప్పుడు వెళ్ళాడు? బట్టలు సర్దేది తనే కదా! ఎవతో ఉంది, సందేహం లేదు. ముఖం లేని సవతి, ఒట్టి గొంతు. ఆ గొంతేదో వినేదాకా ముద్ద దిగేలా లేదు.

మర్నాడు లైట్లు ఆర్పగానే జనంతో పాటు లోపలికి దూరి, తలుపు పక్క పరుపు మీద ముసుగుతన్ని పడుకుంది. ఏవో గంటలు మోగాయి, గాలి వీచింది. ఆ తర్వాత పైకప్పు మీంచి జలపాతం దూకింది. దూకేముందు ఎక్కడో సన్నగా కీచుమంది.

ఆ కీచు ఆమెకు తెలుసు. బాగుచేయించమని మొత్తుకున్నా ఆయన పట్టించుకోని బాత్రూం కుళాయిది. నీళ్ళ వెనకాల ఒక ఆడది ఏడుస్తోంది. మధ్యలో ఆగి ముక్కు ఎగబీల్చుకుంటోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. ఆ ఏడుపూ ఆమెకు తెలుసు. పురిట్లో పోయిన పాప కోసం ఏడుస్తుంటే, "ఎన్నాళ్ళే ఈ ఏడుపు? ఇంట్లో వినలేకపోతున్నా," అన్నది ఈయనే. వినపడకూడదనే కదా, అప్పట్నుంచి కుళాయి తిప్పి ఏడుస్తోంది! తనకంటే ముందూ వెనకా ఆయన బాత్రూంలో దూరింది ఈ ఏడుపు రికార్డు చేయడానికన్నమాట! పాప ఏడుపు తను ఎలాగూ వినలేదు, తన ఏడుపన్నా ఈయన తనకి మిగలనివ్వలేదు. చుట్టూ జనం హాయిగా నిట్టూరుస్తున్నారు.

ఆమె లేచి గోడ తడుముకుని అన్ని స్విచ్చులూ వేసేసింది. జనం ఉలిక్కిపడి కళ్ళు నులుముకున్నారు.

"ఎవరది లైటు వేసింది?" ఆయన అరిచాడు.

"నేనే. ఆ ఏడుపు కూడా నాదే," అంది. తర్వాత జనం వైపు తిరిగింది. "లేవండి. ఎవరి దుప్పటి వాళ్ళు మడతపెట్టుకోండి."