గాజులు, గ్లౌజులు

శుక్రవారం పొద్దున మా అత్త హేమావతి నా తలకు నువ్వులనూనె మర్దిస్తూ, "జుట్టు ఎంత మెత్తగా ఉండాది పాపా, మీ అమ్మ బాగా పెంచినాది" అంది. పెళ్లయి నెల తిరగలేదు. ఏది విన్నా నాకు నవ్వొస్తుంది. తలంటుకుని, పసుపుతాడుకు పసుపు రాసుకుని, పచ్చగా మారిన వేళ్లను చూసుకుంటూనే ధర్మవరంలో అనంతపురం బస్సెక్కాను. ఎర్రమట్టి గాలి ముఖాన కొట్టింది. దానికీ నవ్వాను.

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను రాళ్లమీద పరిశోధన చేస్తున్నాను. క్వారీలో మందు పేలినప్పుడు రాయి ఎలా పగులుతుందో తెలుసుకోవడం నా పని. ల్యాబులో రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు ఒకే వరుసలో ఉంటాయి. మధ్యలో బిళ్లంత గ్రానైటు ముక్క పెట్టి, గాలితుపాకితో ఇంకో చిన్న కడ్డీని వదిలి మొదటి కడ్డీ చివర కొట్టిస్తాం. ఆ దెబ్బ అలలా పరుగెత్తుతుంది. రాయి దగ్గర కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత రాయిలోంచి రెండో కడ్డీలోకి పోతుంది. కడ్డీలకు అతికించిన గోరంత గేజులు ఆ అలలను కంప్యూటరుకు అందిస్తాయి. రెప్ప వేసేలోపు అంతా అయిపోతుంది. మెల్లగా నొక్కితే పగిలిపోయేంత బలాన్ని, హఠాత్తుగా కొడితే అదే రాయి ఓర్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకది వింతే.

సోమవారం క్వారీవాళ్లు ఈ పరీక్ష చూడడానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితేనే నా పరిశోధన ముందుకు సాగుతుంది. వాళ్ల ముందు పరీక్ష నేనే చేయాలని ఎప్పుడో అనుకున్నాం.

ఆ రోజు కొత్త గేజు అతికించాలి. నూనె మరక అంటకూడదు కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. మోచేతి దగ్గరి దాకా ఉన్న మట్టిగాజుల మీద గ్లౌజు ఎక్కలేదు. గాజు చిట్లితే అత్త బాధపడుతుంది, తీస్తే ఇంకా బాధపడుతుంది. ఏం కాదులే అని ఉత్త వేళ్లతోనే అతికించాను. తుపాకి పేల్చగానే గేజు ఊడి వచ్చింది. కంప్యూటరులో అల సగంలో తెగిపోయింది.

"కొత్త పెళ్లికూతురు కదప్పా, మనసు ఈడ యాడుంటాది" అన్నాడు తోటి స్కాలరు శశికుమార్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక, ఎందుకు నవ్వానో తెలియలేదు.

గాజులను పైకి నెట్టి చేతిరుమాలుతో కట్టుకున్నాను. గ్లౌజులు తొడుక్కుని, కడ్డీని జిడ్డు పోగొట్టే మందుతో తుడిచి, ఇంకో గేజు అతికించాను. ఈసారి అల చక్కగా వచ్చింది. పిలిచి చూపిస్తే మా గైడు వేణుగోపాల్ సార్, "బాగొచ్చింది పాపా" అన్నారు. వెంటనే, "సోమవారం మాత్రం శశి చేస్తాడులే. పొద్దున మీ ఆయన ఫోన్ చేసినాడు. నువ్వు శానా అలసిపోయినావంట, ఆషాఢం నెలంతా సెలవు ఇమ్మన్నాడు. మంచి పిల్లోడు" అన్నారు.

బస్సులో ఆ మాటను ఎటు తిప్పినా అర్థం కాలేదు. కోపం రావాలా? అలసిపోయానని మా ఆయన మార్కండేయతో అన్న మాట నిజమే. బుధవారం అతని భుజం మీద తల వాల్చి అన్నాను. గారాబంగా నిమురుతాడని అన్నాను, నిమిరాడు కూడా. అయిదింటికి లేచి ఇంటిల్లిపాదికీ వండి, బస్సులో పడి పోయి, వచ్చి మళ్లీ వంటింట్లో దూరితే అలసట రాదా? పప్పు రుబ్బిపెడతాడనో, గిన్నెలు కడుగుతాడనో అనుకోలేదు కానీ, తీసేయాల్సింది నా ల్యాబునే అని అతనికి ఎలా తోచింది? ప్రేమతో చేసినదానికి ఏడుపెందుకు వస్తోంది? ఇంట్లో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. చెడ్డవాళ్లెవరో తెలిస్తే తేలిగ్గా ఉండేది.

బస్టాండులో మార్కండేయ స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో వేడి మిరపకాయ బజ్జీలు, మల్లెపూలు. చీరల అంగడి తొందరగా మూసి వచ్చాడట. నా ప్రాణం లేచివచ్చింది. ఒక బజ్జీ తినేశాను కూడా.

"సార్‌కు ఫోన్ చేసినావా?"

"చేసినా. ఆదివారం నుంచి ఆషాఢం, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. ఎట్లాగూ పామిడిలో మీ పుట్టింటికి పోతావు కదా, నెలంతా హాయిగా పడుకోమ్మే."

"పామిడి నుంచి అనంతపురానికి బస్సుల్లేవా?"

"ఉండాయి. అయితే ఏమి? నువ్వే కదా అలసిపోయినా అన్నావు."

"అన్నా. నీకు చెప్పినా. సార్‌కు చెప్పమన్లేదు."

అతని ముఖం చిన్నబోయింది. "నీ కోసమే కదమ్మే చేసింది" అన్నాడు. అది అబద్ధం కాదు. అదే నన్ను ఇంకా తికమకపెట్టింది. మల్లెపూలు తీసుకుని జడలో పెట్టుకున్నాను. సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, నేను అర్చనను. సోమవారం పరీక్ష నేనే చేస్తాను. నేను సెలవు అడగలేదు."

"సరే పాపా, మీ ఆయన పక్కనుంటే ఒకసారి ఫోన్ ఇయ్యి, మాట్లాడతా" అన్నారు సార్.

మార్కండేయ అప్పటికే చేయి చాచాడు.

"పక్కనే ఉన్నారు సార్," అన్నాను, "కానీ మీ స్కాలరును నేను. నాతోనే మాట్లాడండి."