తాళంచెవి వరుస

కాస్పర్ వెంట్ సంతాప ప్రకటనలను సీసంలో పోయడం ముగించి, కాళ్ళ దగ్గరున్న పాలసీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. సీసం పొగ ఒంటికి పట్టకుండా పాలు కాపాడతాయని కంపోజింగ్ గదిలో అందరి నమ్మకం. కాపాడలేదని అతని దగ్గు వింటే ఎవరికైనా తెలుస్తుంది. పొడుగాటి మనిషి, మీటలు నొక్కితే అక్షరాల వరుసలు పోసే లైనోటైపు యంత్రం ముందు వంగి వంగి వీపు గూనైపోయింది. వేళ్ళ నిండా కాలిన మచ్చలు. ఎడమ చెంప మీద ఎప్పుడో సీసం చిమ్మిన చోట చిన్న గుంట. పొద్దున్నే ఎవరైనా పలకరిస్తే, "ఏం, పనేం లేదా?" అని అడిగే రకం. ఆ పత్రికాఫీసులో అతనంటే ఎవరికీ పడదు. అతనికీ ఎవరూ పడరు. అక్కడికి చెల్లుకు చెల్లు.

ఆ రోజు 1958 ఏప్రిల్ పద్దెనిమిది. అయోవాలో మిసిసిపీ ఒడ్డున ఉన్న ఆ పట్నానికి సాయంత్రం పత్రిక ఒక్కటే దిక్కు. అందులో రెండో పేజీ అడుగున "ఈ రోజున" అని ఓ చిన్న శీర్షిక. ఏ తేదీ సంగతులు ఆ తేదీకి సీసపు వరుసలుగా పోసి, దారంతో కట్టకట్టి అరల్లో ఉంచుతారు. ఆ రోజు రాగానే కట్ట విప్పి ఇనుప చట్రంలో బిగిస్తారు. అచ్చు పని అయ్యాక మళ్ళీ కట్టి అరలో పడేస్తారు. కట్టలో ఉన్నది ఏటా వస్తుంది. కట్టలోంచి ఒక్కసారి జారిపోయిన వరుస ఇక ఎప్పటికీ రాదు, దాన్ని వెతికే నాథుడు ఉండడు.

ఏప్రిల్ పద్దెనిమిది కట్టలో పెద్ద సంగతులే ఉన్నాయి. ఇంగ్లీషు సేన వస్తోందని చెప్పడానికి పాల్ రివియర్ రాత్రివేళ గుర్రమెక్కాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో భూమి కంపించింది. మూడేళ్ళ కిందట ఐన్‌స్టయిన్ పోయాడు. అన్నిటి కిందా ఊరి సంగతి ఒకటి. 1908లో రాడ్నర్ బొత్తాల ఫ్యాక్టరీ మేడ మీద నిప్పంటుకుని పదిహేడుమంది ఆడపిల్లలు చనిపోయారు. మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తరువాత విడిగా ఒకే ఒక వరుస: తాళంచెవి సూపరింటెండెంటు రాడ్నర్ జేబులో దొరికింది.

ఆనాడు విచారణ చేసిన అధికారి చెప్పిన మాటే అది. మర్నాడు ఇదే పత్రిక అచ్చేసింది. ఆ తరువాత ఊరు మరిచిపోయింది. ఊరికి రాడ్నర్లు జీతాలిచ్చేవాళ్ళు, తాళంచెవి ఏమిచ్చింది? తాళం కాస్తా జనం నోళ్ళలో నాని నాని బయటివైపు గడియగా మారింది. గడియ అన్నాక తీయని మనిషి ఒకరు కావాలిగా. ఆ మనిషి కాస్పర్ తల్లి ఆగాథా.

ఎనిమిదేళ్ళ కాస్పర్‌కు ఒంటి నిండా అమ్మవారు పోసి ఉండటంతో ఆమె ఆ పొద్దు ఆలస్యంగా పనికెళ్ళింది. ఆలస్యమైన వాళ్ళు లోపలికి రాకుండా, పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా మెట్ల తలుపుకు తాళం వేయడం అక్కడి రివాజు. ఆమె మెట్లెక్కేసరికి తలుపు అవతల అరుపులు. రెండు చేతులతో తలుపు బాదింది. అరుపులు ఆగిపోయాక కూడా బాదింది. వేళ్ళ కణుపులు విరిగి వంకరగా అతుక్కున్నాయి. బతుకంతా నది ఆల్చిప్పల్లోంచి బొత్తాలు కోసిన ఆ మనిషి మళ్ళీ తన రవికెకు బొత్తం పెట్టుకోలేకపోయింది. ఆమె పోయేదాకా ఆ పని కాస్పరే చేశాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఉండిపోయాడు. పారిపోతూ మెట్ల మీద పడి చేతులు విరగ్గొట్టుకుందని ఊళ్ళో అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. ఉన్నమాటంటే ఊరు అచ్చిరాదు. అందుకే కాస్పర్‌కు ఊరు అచ్చిరాలేదు.

కిందటి చలికాలం పత్రికను రాడ్నర్ల అల్లుడు కొన్నాడు. అగ్నిప్రమాదం ఉండనివ్వండి, చనిపోయినవాళ్ళ పట్ల మనకు గౌరవం ఉంది, ఎవరి జేబులో ఏముందన్నది మాత్రం తీసేయండి అని మర్యాదగానే చెప్పాడట. ఫోర్‌మన్ హాస్కిల్ పొద్దున్నే కట్ట విప్పి, ఆ చివరి వరుస ఊడబీకి చెత్తసీసం పెట్టెలో పడేశాడు. ప్రూఫు తీయించాడు. పైనుంచి సంతకం వచ్చింది.

కాస్పర్ అదే వరుస మళ్ళీ పోయడానికి కూర్చున్నాడు. మీటలు నొక్కాడు. ఇత్తడి అచ్చులు గలగలా దిగాయి, యంత్రం మూలిగింది, వేడి వేడి వరుస ఒకటి తట్టలోకి జారింది. దాన్ని ఏప్రన్ కింద దాచి, చట్రం దగ్గరికెళ్ళి, అడుగున ఖాళీ నింపడానికి పెట్టిన పలుచటి రేకు తీసి, వరుసను దాని చోట్లో కూర్చోబెట్టాడు. ప్రూఫు ఆమోదమయ్యాక ఇక ఎవరు చూస్తారు?

హాస్కిల్ చూశాడు. తిరగేసి ఉన్న సీసపు అక్షరాలను పుస్తకంలా చదవగలవాడు ఆ గదిలో కాస్పర్ తరువాత అతనే. మొనదేలిన చీలతో వరుసను పైకెత్తి, తిన్నగా తెచ్చి, కాస్పర్ చూస్తుండగా అతని యంత్రానికున్న మరిగే సీసం మూసలోనే వేశాడు.

"యాభై ఏళ్ళయిందయ్యా. ఇంకా ఎవరి మీద ఏడుస్తావు?" అన్నాడు.

"ఉన్నవాళ్ళ మీద."

"ఇంకోసారి పెట్టావంటే ఏప్రన్ విప్పి ఇంటికి పోవడమే. నా ఉద్యోగం నీకోసం పోగొట్టుకోను."

"పోగొట్టుకోవులే. నీలాంటివాళ్ళ ఉద్యోగాలు పోవు" అన్నాడు కాస్పర్. దగ్గు తెర వచ్చి తరువాతి మాట మింగేసింది.

మధ్యాహ్నం గాలి కోసం ముందు గదిలోకి వచ్చేసరికి కౌంటర్ దగ్గర ఫ్రీడా లుట్జ్ నిలబడి ఉంది. ఆమె అక్క లీనా ఆ పదిహేడుమందిలో ఒకతె. ఏటా ఆ రోజు ఫ్రీడా నల్ల టోపీ పెట్టుకుని వచ్చి, పత్రిక వేడిగా ఉండగానే కొని, చివరి వరుస చదివి, కాస్పర్ వైపు చూసి పోయేది. ఈసారి పత్రిక రాకముందే వచ్చింది. చర్చిలో రాడ్నర్ల అల్లుడు చెప్పాడట.

"ఆ ముక్క తీసేశారటగా. ఇన్నాళ్ళకు దేవుడు కళ్ళు తెరిచాడు."

"తాళం, ఫ్రీడా. గడియ కాదు."

"మీ అమ్మకు మా లీనా గొంతు తెలుసురా. పక్కపక్కనే కూర్చుని పనిచేశారు. ఆ గొంతు విని కూడా దిగిపోయింది."

ఆ ముసలావిడను చెంపమీద కొట్టాలనిపించింది అతనికి. తల్లి చేతులు చూపిద్దామంటే ఆ చేతులు మట్టిలో కలిసి పదేళ్ళు. ఫ్రీడాకు కూడా కోపం పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి. రాడ్నర్ల మీద పెట్టుకుంటే ఆమె మొగుడికీ కొడుక్కీ అన్నం పెట్టిన ఫ్యాక్టరీ మీద పెట్టుకోవాలి. అది కాస్పర్‌కు తెలుసు. తెలిసినంత మాత్రాన జాలి కలగలేదు.

"పత్రిక వచ్చేదాకా ఉండు. చదువుకుని పో" అని లోపలికి వెళ్ళిపోయాడు.

చట్రం ఇంకా బల్ల మీదే ఉంది. కాసేపట్లో వరుసలు కదలకుండా తాళాలు బిగించి కిందికి, అచ్చు యంత్రానికి తోసేస్తారు. హాస్కిల్ దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాస్పర్ తన కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. పాలసీసా అందుకోబోయి మానేశాడు. కుడిచేత్తోనే ఒక్కొక్క మీటా నొక్కాడు, కొత్తగా పని నేర్చుకునేవాడిలా మెల్లగా. అచ్చులు ఒక్కొక్కటే దిగాయి. పిడి నొక్కాడు. యంత్రం ఎప్పటిలాగే మూలిగి తన పని తాను చేసుకుపోయింది.

వరుస తట్టలో పడిన చప్పుడుకు అతను చెయ్యి చాపలేదు. నుదురు మీటల మీద ఆన్చి ఉన్నాడు. మళ్ళీ దగ్గు తెర కాబోలు అనుకున్నారు. చట్రం కిందికి వెళ్ళిపోయింది. ఎవరో భుజం తట్టి పిలిచేసరికి ప్రాణం లేదు.

డాక్టర్ వచ్చాడు. పైనుంచి రాడ్నర్ల అల్లుడు టోపీ తీసి చేతిలో పట్టుకుని దిగాడు. మంచి పనివాడు అన్నాడు. ముందు గదిలో ఫ్రీడా ఇవేమీ తెలియకుండా పత్రిక కొని, రెండో పేజీ అడుగున రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పోయింది.

హాస్కిల్ శుభ్రం చేసిన చట్రంలోంచి ఏప్రిల్ పద్దెనిమిది కట్ట తీసి దారం చుట్టి అరలో పెట్టాడు. తరువాత కాస్పర్ యంత్రం దగ్గరికి వచ్చాడు. తట్టలో ఆ ఒక్క వరుసే ఉంది. చదవాల్సిన పని లేదు. సీసం మూస మూత తెరిచి, వరుసను దాని మీద పట్టుకున్నాడు. ఎందుకో వదల్లేకపోయాడు. కట్ట ఉన్న అర వైపు చూశాడు. యజమాని ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

మూత మూసి, చొక్కా సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకి తెచ్చాడు. ఆ సీసపు వరుస అతని జేబులో పడింది, యంత్రం వేడి ఇంకా దాన్ని వదల్లేదు.