సుమ్నె ఉండే కంప్యూటర్

పెనుకొండ చెరువు నిండి మరవ మీదుగా పొంగి పారి, మా మైక్ సెట్టు కొట్లోకి మోకాలిలోతు నీళ్లు వచ్చిన ఏడాది జరిగింది ఇది. ఆంప్లిఫయర్లు మూడూ ఆ నీళ్లలోనే పోయాయి. యాభై ఏళ్లు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మైకు కట్టినవాణ్ణి, ఆ ఏటితో చాలించాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. మైకు ముందు నేను అనేది కూడా ఒకటే: హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ. చదివింది మూడో తరగతి. ఆ పనికి అంతకంటే చదువు అక్కర్లేదు.

నా మనవరాలు సుమ డిగ్రీ చదివింది. ఫోనులోనే దరువులు పేర్చి, వాటి మీద తన గొంతు పెట్టి పాటలు చేస్తుంది. అందులో ఒకటి ధర్మవరంలో పట్టుచీరల కొట్టు తెరవబోతున్న మార్కండేయులు చెవిన పడింది. ఊరంతా ఆటో తిప్పి వేయడానికి తనకూ ఒక పాట కావాలన్నాడు. సుమ చేసి తీసుకుపోయింది. విని మొహం చిట్లించాడు.

"గొంతు బాగుండాది పాపా. కానీ బాయిలో దిగి పాడినట్ల ఉండాది. సరైన మిషన్లు పెట్టి చెయ్యి. శుక్రవారం పొద్దునకల్లా కావల్ల. లేకుంటే బెంగుళూరులో స్టూడియో వాళ్లుండారు, వాళ్లకే చెప్తా."

సుమకు అదే మొదటి పని. అది పోతే వాళ్ల నాయన ఆమెను అనంతపురంలో బ్యాంకు పరీక్షల కోచింగులో చేరుస్తాడు. ఆ మాట ముందే చెప్పేశాడు. "కావల్సినవి ఒక్కసారి కొనిస్తా. ఈ పని నిలబెట్టుకుంటే సరి, లేకుంటే కోచింగే." సౌండు సంగతి తెలిసినవాణ్ణని నన్ను తోడు పంపాడు.

బుధవారం పొద్దున హిందూపురం రైలెక్కాం. సుమ ఒక చీటీ తీసి చదువుతోంది.

"ర్యామ్ పదహారు ఉండల్ల. ర్యామ్ అంటే తెలుసా తాతా?"

"ఊఁ."

"తెలీదని చెప్పొచ్చు కద."

"ఊఁ."

"బల్ల అనుకో. బల్ల పెద్దదైతే ఎక్కువ సామాన్లు పరుచుకోని పని చేసుకోవచ్చు. హార్డ్ డిస్కు అంటే బీరువా. తొందరగా తెరుచుకునే రకం కావల్ల మనకు."

"బల్లలు పదహారా?"

"పదహారు."

"పెండ్లికా?"

ఎదుటి సీటులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఆమె నవ్వింది. సుమ చీటీ మడిచి లోపల పెట్టేసింది.

హిందూపురంలో ఉదయ్ కుమార్ కొట్లో కంప్యూటర్లూ మైకులూ రెండూ అమ్ముతారు. మేం పాటలు చేయడానికని చెప్పగానే అతను అద్దాల పెట్టె లాంటిది ఒకటి ముందు పెట్టాడు. లోపల ఎరుపు, పచ్చ, ఊదా దీపాలు తిరుగుతున్నాయి. వినాయక చవితి పందిరికి కూడా అన్ని దీపాలు నేను కట్టలేదు.

మా పనిలో ఆంప్లిఫయర్ మంచిదో కాదో తెలియాలంటే ముందు ఎత్తి చూస్తాం. లోపల రాగి ఎంత ఎక్కువుంటే అంత బరువు. తేలిగ్గా ఉన్నది రెండో పెళ్లికే వేడెక్కి ఆగిపోతుంది. అందుకని నేను ఆ పెట్టెను రెండు చేతులా ఎత్తాను. బాగుంది. పక్కనున్న ఇంకోటి ఎత్తాను. అది చాలలేదు. మళ్లీ మొదటిది ఎత్తాను.

"ఏం పెద్దాయనా, గ్యాస్ సిలిండర్ అనుకుంటివా?" అన్నాడు ఉదయ్ కుమార్.

"మా తాత అట్లనే కొంటాడన్నా. మా అవ్వను చూసుకునేదానికి పోయినప్పుడు గూడా ఎత్తి చూసినాడేమో" అంది సుమ.

పెట్టెను స్విచ్చి వేసి చూపించమన్నాను. వేశాడు. లోపల ఫ్యాన్లు మూడు ఒక్కసారే లేచాయి. పిండిమరకు బెల్టు ఎక్కించినట్టు రొద.

సుమ మొహం వాడిపోయింది. "మైకు ఈ పక్కనే పెట్టుకోవల్ల తాతా. మనకుండేది ఒకటే గది. ఈ రొదంతా నా పాటలో పడతాది."

అప్పుడు నేను ఉదయ్ కుమార్‌ను అడిగాను. "సుమ్నె ఉండేది ఏమన్నా ఉండాదా అప్పా?"

సుమ్నె అనేది కన్నడం మాట. హిందూపురంలో అందరికీ తెలుసు. సుమ్నె ఉండు అంటే నోరు మూసుకో అని. నోరు మూసుకొని పని చేసే కంప్యూటర్ కావాలని నేనడిగాను. అయితే ఊరికే పడి ఉన్నదాన్ని కూడా సుమ్నె ఉండాది అంటారు. ఉదయ్ కుమార్‌కు అదే అర్థమైంది.

"ఊరికే పడిండేదే కావల్నా? ముందే చెప్పింటే ఈ లైట్లన్నీ ఏంటికి ఏస్తుంటినప్పా" అంటూ లోపలికి పోయి, దుమ్ము పట్టిన బూడిదరంగు ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. "ఏదో ఆఫీసు వాళ్లు వాడి అమ్మేసినారు. ఆరు నెలల నుంచి సుమ్నె పడుండాది. లైట్లు లేవు, సోకు లేదు. ఎవరూ అడగరు."

సుమ దాన్ని తుడిచి తెరిచింది. నేను చెవి ఆనించాను.

"గుండె చూస్తాండావా పెద్దాయనా?"

"ఫ్యాను ఆపు" అన్నాను. సీలింగు ఫ్యాను ఆపాడు. బేరమాడుతున్న ఇద్దరిని కూడా ఆగమని సైగ చేశాను. వాళ్లు ఎవరో పోయినట్టు నిలబడిపోయారు. ల్యాప్‌టాప్‌లోంచి చప్పుడు లేదు. సుమ తన పాట ఒకటి అందులో ఎక్కించి, దాని మీద ఇరవై వరసల దరువులు పేర్చింది. అప్పుడు కూడా చంటిపిల్ల ఊపిరంత చప్పుడు, అంతే.

"పదహారు బల్లలూ ఉండాయి తాతా, బీరువా గూడా ఉండాది" అంది మెల్లగా, ఉదయ్ కుమార్‌కు వినపడకుండా.

ఆ తర్వాత మైకు. ఉదయ్ కుమార్ సన్నటి వెండిరంగుది తెచ్చి, మైకునూ కంప్యూటర్‌నూ కలిపే చిన్న డబ్బాకు తగిలించాడు. "స్టూడియోలన్నిట్లో ఇట్లాంటిదే. చీమ నడిచినా పట్టుకుంటాది."

హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టారు. ఊరంతా వినేట్టు చేయడమే ఇన్నేళ్లూ నా పని. నా ఒక్కడికే వినపడే చప్పుడు వినడం అదే మొదలు. వీధిలో ఎవరో కాకరకాయలు చేదుగా ఉన్నాయని పోట్లాడుతున్నారు. ఎదురింట్లో కుక్కరు రెండో విజిలు వేసింది. ఉదయ్ కుమార్ కడుపులో కూడా ఏదో జరుగుతోంది.

"అన్నం తినలేదా అప్పా?" అన్నాను. అతను కడుపు తడుముకున్నాడు.

"బాగలేదా తాతా?" అంది సుమ.

"బాగుండాది. కానీ ఇది చాడీలు చెప్పే రకం. మన ఇల్లు బస్టాండు ఎనక ఉండాది."

నోటి దగ్గర పెట్టుకుంటేనే వినే మామూలు చేతి మైకు తీసుకున్నాం. అది పాడేవాళ్ల మాట తప్ప పక్కింటి మాట ఎత్తదు.

ఇక స్పీకర్లు. పెద్దవి తీసుకుందామని నేను. గది చిన్నది, ఇప్పటికి హెడ్‌ఫోన్ చాలని సుమ. సరేనన్నాను. అక్కడ అనకుండా ఉండాల్సింది.

గురువారం మధ్యాహ్నానికి పాట తయారైంది. నా భార్య ఆదిలక్ష్మమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకొని విని, చెవులు మూసుకుపోయి ఉండటం వల్ల, "బాగుండాది పాపా" అని బస్టాండులో కండక్టరు తిరిగి చూసేంత గట్టిగా అంది. సుమ పాటను మార్కండేయులుకు పంపింది. గంటకు ఫోను వచ్చింది.

"పాపా, ఫోన్లో ఇంటే బాగుండాది. ఆటోలో ఏస్తే డ్రమ్ము యాడికో పాయ. నీ గొంతు ఒకటే తోడు లేకుండా సంతకు పోయినట్ల ఉండాది."

"రేపు పొద్దున దాకా టైముండాది కద సార్."

"ఉండాది. బెంగుళూరు నంబరు గూడా ఉండాది."

సుమ ల్యాప్‌టాప్ మూసేసింది. "తప్పు సామాన్లు కొన్నాం తాతా. ఆ లైట్లదే కొనింటే సరిపోయేది. అనంతపురం పోతాలే."

నేను ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచి చెప్పాను. "సామాన్లు మంచివే. ఆటో మీద ఉండేది గొట్టం స్పీకరు. గొట్టానికి గొంతే గానీ కడుపుండదు. నువ్వు దరువంతా కడుపులో పెట్టినావు. అది బయటికి రాదు. గొట్టంలో వింటా చెయ్యల్ల."

సుమ నా వైపు చూసింది. "ఇన్ని మాటలు ఒక్కసారే అంటివే. ఒళ్లు బాగుండాదా తాతా?"

మా సందులో నాగక్క తోపుడుబండి మీద ఆకుకూరలమ్ముతుంది. బండికి తన కేక రికార్డు చేసి పెట్టుకున్న గొట్టం కట్టి ఉంటుంది. పోయి అడిగాను.

"నా గొంతుకు నొప్పి రాకూడదనే కొనుక్కుంటి. నువ్వు తీసుకుపోతే నేనెట్ల అరచల్ల?" అంది నాగక్క.

"సాయంత్రం ఎవరు కొంటారు?"

"అయితే మిగిలిన మెంతాకు కట్టలన్నీ నువ్వు కొను."

మెంతాకూ గొట్టమూ రెండూ ఇంటికి తెచ్చాను. తీగ కలిపి స్విచ్చి వేయగానే గొట్టం, "కొత్తిమీరా, పుదీనా" అని గదంతా అరిచింది. ఆదిలక్ష్మమ్మ ఉలిక్కిపడి, "ఇదేనా స్టూడియో?" అంది.

పాత పాట అందులో వేసి చూశాం. మార్కండేయులు చెప్పింది నిజమే. దరువు లేదు. సుమ పెద్ద డ్రమ్ము తీసేసింది. దాని జాగాలో ఏమేమి పలుకుతాయో ఒక్కొక్కటే వెతికాం. చప్పట్లు పలికాయి. స్టీలు గ్లాసు మీద గరిట బాగా పలికింది. ఆదిలక్ష్మమ్మ గాజులు అన్నిటికంటే బాగా పలికాయి. ఆమెను మైకు ముందు కూర్చోబెట్టి గంటసేపు చేతులు ఊపించింది సుమ.

"మెంతాకు ఎవరు ఒలుస్తారు?" అని ఆమె అడుగుతూనే ఊపింది. నేను ఒలిచాను. దీపాలు పెట్టే వేళకు పాట గొట్టంలోంచి వీధి చివర దాకా దరువుతో సహా వినపడింది.

మర్నాడు పొద్దున్నే సుమా నేనూ ధర్మవరం రైలెక్కాం. మార్కండేయులు కొట్టు ముందు ఫోను చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. సుమ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని పాట పెట్టింది. మైకు కట్టేవాళ్లలో ఒకడు మిషను దగ్గర ఉంటే, ఇంకొకడు దూరంగా పోయి వింటాడు. చెయ్యి ఎత్తితే పెంచమని, దించితే తగ్గించమని. నేను చీరల కొట్ల వీధి కొసకు నడిచి, అక్కడ నిలబడి విన్నాను. మార్కండేయులు ఫోను జేబులో పెట్టుకొని, ఊరంతా తిప్పుకు రమ్మని ఆటోకు దారి చూపించాడు. ఆటో నా వైపే వస్తోంది. గాజులు కూడా తెలుస్తున్నాయి. సుమ తల బయట పెట్టి నా చేతుల వైపు చూస్తోంది. నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను.